కుడివైపు స్తంభం

ఆ ఫొటో మీకు తెలుసు. మీ కాలేజీ లైబ్రరీలో ఉన్న జపాన్ ఆర్కిటెక్టు పుస్తకం అట్ట మీద ఉన్నది అదే. ఎర్రమట్టి గోడల నడుమ పొడుగాటి నడవా. కింద మొరం నేల. నడవా చివర రెండు స్తంభాలు, వాటి అవతల కళ్లు చెదిరేంత పసుపురంగులో చామంతి చేను. ఆ చేను వైపు నడిచిపోతున్న ఒక ముసలామె, వెనక నుంచి. భుజం మీద తెల్ల తువ్వాల.

మొన్న మీలో కొందరు మొయినాబాద్‌లో మా ఇంటికి వచ్చి, ఆ జపాన్ ఆర్కిటెక్టు జీవితం గురించి మీ కాలేజీ పత్రికకు రాయమన్నారు. ఆయన మన దేశంలో కట్టిన ఒకే ఒక్క ఇంటికి సైట్ ఇంజినీరుగా పనిచేసినవాణ్ని నేనేనని తెలిసి మీరు పడిన సంబరం చూసి కాదనలేకపోయాను. కాదనలేకపోవడం నాకు కొత్త కాదు. నా ఉద్యోగమంతా అట్లాగే గడిచింది. ఇప్పుడు రాయబోయేది కూడా దాని గురించే.

ముందు ఆయన జీవితం. పుస్తకంలో లేనిది నాకు ఎక్కువ తెలియదు. ఉన్నదాంట్లో కొంత మాత్రం ఆయన నోటే విన్నాను. పట్నంలో హోటల్ నుంచి అజీజ్‌నగర్ సైటుకు కారులో తీసుకొచ్చేవాణ్ని. దారిలో మాట్లాడేవారు. ఆయన ఇంగ్లీషు, నా ఇంగ్లీషు రెండూ అంతంతమాత్రమే కాబట్టి ఒకరికొకరం బాగానే అర్థమయ్యేవాళ్లం.

ఆయనది సముద్రం పక్కన చిన్న రేవు ఊరు. ఇళ్లలో స్నానాల గదులు లేని కాలంలో వాళ్ల నాన్న ఊరందరికీ స్నానాల ఇల్లు నడిపేవాడట. సాయంత్రమైతే వీధులన్నీ అక్కడికే వచ్చేవి. వెనక వీధి వాళ్లు చుట్టూ తిరిగి రావడమెందుకని వీళ్ల వంటింటి పక్క నడవాలోంచే వచ్చిపోయేవారు. ఈయన అన్నం తింటుంటే ఊరు పలకరిస్తూ పోయేది. తర్వాత ఇంటింటికీ నల్లాలు వచ్చాయి, స్నానాల ఇల్లు మూతపడింది, నడవాకు తలుపు పడింది. "ఆ తర్వాత మా అమ్మతో మాట్లాడేవాళ్లు లేకపోయారు" అన్నారు ఒకసారి, కారు అద్దంలోంచి బయటికి చూస్తూ.

చదువయ్యాక ఒక పెద్ద కంపెనీలో చాలా ఏళ్లు దుకాణ సముదాయాలకు మెట్లు గీశారు. మెట్లు మాత్రమే. నలభై దాటాక సొంత ఆఫీసు పెట్టుకుంటే వచ్చినవన్నీ చిన్న పనులే. ఒక పసిపిల్లల బడి, ఒక దీవిలో దవాఖాన, చేపలు పట్టేవాళ్ల ఊళ్లో ఒక ఇల్లు. అన్నింట్లోనూ ఒకటే సంగతి. కట్టడం నడుమ నుంచి ఊరివాళ్లకు దారి. ముందు దారి గీసి, మిగిలిన చోట ఇల్లు కడతాడని తోటివాళ్లు నవ్వేవారట. ఆయన కూడా నవ్వుతూనే చెప్పారు ఆ మాట.

ఇక మన సంగతి. సైబరాబాద్ అన్న మాట కొత్తగా అందరి నోళ్లలో నానుతున్న రోజులవి. అజీజ్‌నగర్‌లో తాతలనాటి భూములున్న ఒక కుటుంబంలో అన్నలు రాజకీయాల్లో ఉంటే, అందరికన్నా చిన్నవాడు సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టాడు. ఊళ్లో అందరూ ఆయన్ని పటేలా అనేవాళ్లు, నేను కూడా. వ్యాపారం మీద జపాన్ వెళ్లినప్పుడు ఆ చేపల ఊరి ఇంట్లో దిగాడట. బయటి దేశాల నుంచి వచ్చే తన క్లయింట్లకు అట్లాంటి అతిథి గృహం కావాలని ముచ్చటపడ్డాడు. పట్నానికి తాగునీళ్లిచ్చే జంట చెరువుల పైతట్టు నేల కాబట్టి, సర్కారు నిబంధనల వల్ల పెద్దది కట్టడానికి ఎట్లాగూ వీల్లేదు. చిన్న ఇంటికి గొప్ప పేరు కావాలి. అట్లా వచ్చారు ఆ జపాన్ ఆర్కిటెక్టు, సైటులో మేమంతా పెద్దాయన అని పిలిచినవారు.

మొదటిసారి వచ్చినప్పుడు ఆయన నేల కొలవలేదు. సంచిలోంచి తువ్వాలలు తీశారు. తెల్లటివి, అంచున నీలం గీత. వాళ్ల దగ్గర ఇల్లు మొదలుపెట్టే ముందు ఇరుగుపొరుగు ఇళ్లకు వెళ్లి తలా ఒక తువ్వాల ఇచ్చి, దుమ్ముకూ చప్పుడుకూ ముందే క్షమించమని అడగడం పద్ధతట. నన్ను వెంటబెట్టుకుని గడప గడపకూ వెళ్లి నడుం వంచారు. జనం వింతగా చూశారు, తీసుకున్నారు.

చివరిది మా స్థలం వెనకాల చేనున్న అవ్వ. భర్త పోయాడు, పిల్లలు లేరు. చేను మూలన భర్త సమాధి. చామంతి, బంతి పండించి, తెల్లారగట్ల గంప నెత్తిన పెట్టుకుని రోడ్డెక్కి, మెహిదీపట్నం మొదటి బస్సుకు పూలు తీసుకుపోయేది. ఆమె చేనుకూ రోడ్డుకూ మధ్య ఉన్నది మా స్థలమే. దాని నడుమ ఆమె కాళ్లు పడి పడి తెల్లబడిన సన్నటి బాట.

"తువ్వాలెందుకు బిడ్డా?" అని అడిగింది. నేను చెప్పాను. ఇల్లు కట్టేవాడు మాఫీ అడగడం ఇదే చూడడమని నవ్వింది.

"మనకాడ బట్టలు సుట్టాలకే పెడుతరు. ఇగ ఈయన నాకు తమ్ముడే. అయితె తమ్మున్ని అడుగు, నా బాటనేం జేస్తడు?"

అడిగాను. ఆయన కింద కూర్చున్నారు. మట్టిలో వేలితో ముందు బాట గీసి, తర్వాత దానికి అటొక ముక్క, ఇటొక ముక్క ఇల్లు గీశారు. దారి తనకంటే ముందు నుంచి ఉందనీ, జరగాల్సింది ఇల్లేననీ చెప్పమన్నారు.

"నీ బాట నీదేనంట అవ్వా. ఇల్లే పక్కకు జరుగుతదంట."

ఆ రోజు నేను ఆయన మాటను ఉన్నది ఉన్నట్టు చెప్పాను. అవ్వ మాకు జొన్నరొట్టె, ఎర్రకారం పెట్టింది. ఆయన కారానికి కళ్లనీళ్లు పెట్టుకుంటూనే రొట్టె ఖాళీ చేశారు. ఇంత బక్కగున్నాడు, జపాన్‌లో ఆడోళ్లు అన్నం పెట్టరా ఏమిటని ఆమె అడిగితే, అది కూడా చెప్పాను. ఆయన చాలాసేపు నవ్వారు. అప్పటినుంచి ఆమెను అక్క అనే పిలిచేవారు, తెలుగులోనే.

గోడలు లేస్తున్న రోజుల్లో కూడా ఆమె ఆ దారినే పోయేది. ఆయన ఇచ్చిన తువ్వాలను చుట్ట చుట్టి గంప కింద పెట్టుకునేది. ఒకసారి గంప అంచు కప్పు దూలానికి తగలబోయింది. పెద్దాయన చూసి కప్పు ఎత్తు పెంచమన్నారు. మీ పుస్తకంలో ఆ ఎత్తుకు ఏదో సూత్రం రాశారు. అది పూలగంప ఎత్తు. నడవాలో బండలు వేయవద్దని, వానాకాలం ఆమె కాలు జారుతుందని, మొరమే ఉంచమన్నారు.

ఆయన ప్లాన్లు గీసిచ్చి జపాన్ వెళ్లేవారు, పని ఒక దశకు వచ్చాక మళ్లీ వచ్చేవారు. ఆ మధ్య కాలమంతా సైటు నాది. అవ్వ మాట ఆయనకు, ఆయన మాట అవ్వకు, ఇద్దరి మాట పటేలుకు నేనే చెప్పాలి. ఇంతమంది నా నోటి మీద ఆధారపడటం నాకు బాగుండేది. ఎవరికీ నచ్చని మాట చెప్పకుండా ఉంటే అందరూ నన్ను మెచ్చుకుంటారని త్వరగానే నేర్చుకున్నాను. తాపీ మేస్త్రీ పని సాగదంటే పెద్దాయనతో సాగుతుందనేవాణ్ని. పెద్దాయన గోడ విప్పి మళ్లీ కట్టమంటే మేస్త్రీతో బాగుందన్నాడనీ, ఇంకా బాగా చేయమన్నాడనీ చెప్పేవాణ్ని. పని మాత్రం జరిగేది. అందుకని దాన్ని నేర్పు అనుకున్నాను.

ఇంతలో భూముల ధరలు లేచాయి. టీకొట్ల దగ్గర బ్రోకర్లు మూగారు. ఒక మధ్యాహ్నం పటేల్ సైటుకు వచ్చి నడవాలో నిలబడి, అవతల చేను వైపు చూస్తూ అడిగాడు.

"ఇంజినీరూ, ఆ ముసల్దాని బాట సర్కారు నక్షల ఉన్నదా?"

"లేదు పటేలా. ముందు నుంచి నడుస్తున్నరు, గంతె."

"అయితె ఎనక గోడ లేపు. ఈ స్తంభాల నడుమ గేటు పెట్టు. రేపు కంపెనోళ్లు పండుకుంటరు ఈడ, ఎవరంటె ఆళ్లు నడిస్తె ఎట్ల?"

పెద్దాయన ఏమంటారో అని నసిగాను.

"ఆయనొచ్చిన్నాడు గేటు తీసి పక్కకు పెడ్దం. పెద్ద మనిషి, ఆయన మనసెందుకు కష్టపెట్టాలె?"

పటేల్ నన్ను బెదిరించలేదు. ఉద్యోగం తీసేస్తాననలేదు. బెదిరించి ఉంటే ఇది రాయడం సులువయ్యేది. బాట మూసేస్తే ఆ చేను ఎవరికీ పనికిరాదనీ, తర్వాత అది ఎవరి చేతికి వస్తుందో కూడా నాకు అక్కడే, ఆ నిమిషంలోనే అర్థమైంది. మొయినాబాద్ రైతు బిడ్డను, ఆ మాత్రం తెలియకపోదు. "అయిపోతది పటేలా" అన్నాను.

పెద్దాయనకు ఫోన్ చేసి, అడవిపందుల బాధ ఉందని, అందుకని వెనక గోడ కడుతున్నామని చెప్పాను. ఆయన ఒక్కటే అడిగారు. దారి తెరిచే ఉంది కదా? ఉందన్నాను.

గేటు పెట్టిన రోజు అవ్వ వచ్చి స్తంభం పక్కన నిలబడింది. తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందని అడిగింది. వాచ్‌మన్ దగ్గర ఉంటుంది, అడిగితే తీస్తాడన్నాను. ఎందుకు పెట్టారని అడిగింది. అప్పుడు నేను నా అబద్ధాలన్నిట్లోకీ సులువైనది చెప్పాను. ఊళ్లో లేని మనిషి మీదికి తోసేశాను.

"ఆ పెద్దాయనే పెట్టుమన్నడు అవ్వా. దొంగల భయానికి."

"తమ్ముడా?" అంది.

వాచ్‌మన్ కొన్నాళ్లు తీశాడు. తర్వాత తీయవద్దని అతనికి ఆజ్ఞ వచ్చింది. అవ్వ వాగు ఒడ్డు పట్టుకుని చుట్టూ తిరిగి వచ్చేది. మొదటి బస్సు అందేది కాదు. ఎండెక్కాక మార్కెట్ చేరిన పూలను ఎవరు కొంటారు? వానల్లో ఒకరోజు ఆ ఒడ్డున జారి పడింది. తుంటి పట్టేసింది. గంప ఎత్తుకోలేకపోయింది. ఆ తర్వాత పెద్దమనుషులు మాట్లాడటానికి వచ్చారు. చేను పటేల్ పేరు మీదికి మారింది. చేను పోయిన ఆమెకు అదే అతిథి గృహంలో ఊడ్చే పని ఇప్పిద్దామని పటేల్ అన్నాడు. ఆ కబురు మోసింది నేనే. సిగ్గుచేటు ఏమిటంటే, ఆ రోజు నాకు ఒక మంచిపని చేసినట్టే అనిపించింది.

ప్రారంభోత్సవం రోజు పొద్దున్నే మేస్త్రీతో గేటు ఊడదీయించాను. స్తంభంలో గేటును పట్టి ఉంచే ఇనుప బందులు దిగిన రంధ్రాలను ఎర్రమట్టీ సిమెంటూ కలిపి పూడ్పించాను. మేస్త్రీ పాలమూరువాడు, మాట దాచుకోడు. "పెట్టుడు, తీసుడు, మళ్ల పెట్టుడు. సార్, మీకు లేకున్నా ఈ గేటుకైనా సిగ్గనిపిస్తది" అన్నాడు. నేను వినబడనట్టు పూడ్చిన చోటును చేత్తో తడిమి చూశాను.

పెద్దాయన వచ్చారు. నడవా ఈ కొస నుంచి ఆ కొసకు నడిచి, స్తంభాల మధ్య నిలబడి చేను చూశారు. ఆ ఏడు చేను చేతులు మారే గొడవలో కోసేవాళ్లు లేక పూలన్నీ చేలోనే ఉండిపోయాయి. ఫొటోలో అంత పసుపు అందుకే. ఆయన కళ్లు తడిశాయి. తర్వాత సంచిలోంచి తువ్వాలలు తీశారు. ఇల్లు పూర్తయ్యాక మళ్లీ పొరుగువాళ్ల దగ్గరికి వెళ్లి, ఓర్చుకున్నందుకు దండం పెట్టడం కూడా వాళ్ల పద్ధతేనట. అది నేను ఊహించలేదు. అక్క ఇంటికి వెళదామన్నారు. ఆమె ఊళ్లో లేదు, చుట్టాలింటికి పోయిందన్నాను. పటేల్ తల ఊపాడు.

కానీ ఆమె అక్కడే ఉంది. లోపలి వసారా ఊడ్చి, చీపురు పట్టుకుని గోడవారగా నిలబడి ఉంది. పెద్దాయన చూశారు. ఆమె కొత్త ఇంటిని చూడటానికి వచ్చిందనుకున్నారు. నా అబద్ధం ఆయనకు గుర్తు కూడా రాలేదు, అంత సంతోషపడ్డారు. "అక్కా" అంటూ వెళ్లి నడుం వంచి, రెండు చేతులతో తువ్వాల ఇచ్చారు.

అవ్వ తీసుకుని నా వైపు తిరిగింది.

"అడుగు బిడ్డా. సుట్టమోలె బట్టలు పెట్టి, నా బాటకు తాళమెందుకేసిండో అడుగు."

ఆయన నా మొహంలోకి చూస్తున్నారు. పటేల్ చూస్తున్నాడు. మీరు వచ్చినందుకు చాలా సంతోషంగా ఉందంటోందని చెప్పాను.

ఆయన ఇంకా కిందికి వంగారు. చాలాసేపు అట్లాగే ఉన్నారు. అవ్వ ఆ వంగిన వీపును చూసింది. తను అడిగినదానికి అదే జవాబనుకుంది. ఆమె మొహం మెత్తబడింది. గేటు లేని స్తంభాలను చూసి, మెల్లగా అడిగింది.

"ఆయనే తీయించిండా?"

"ఆ, అవ్వా. ఆయనే."

"అయితె ఇగ నేను పోవచ్చునా?"

"పో అవ్వా."

చీపురు గోడకు ఆనించి, తువ్వాల భుజాన వేసుకుని ఆమె నడిచింది. పత్రిక కోసం పిలిపించిన ఫొటోగ్రాఫర్ వెనక నుంచి తీశాడు. మీ లైబ్రరీలో ఉన్నది ఆ క్షణం. ఆమె కుంటుతోంది. ఫొటోలో అది తెలియదు.

సమాధి దాకా వెళ్లింది. కాసేపు కూర్చుంది. పూలు కోసి దాని మీద పెట్టి, కొన్ని కొంగులో వేసుకుని వచ్చి పెద్దాయన చేతిలో పోసింది. సాయంత్రం విమానానికి బయల్దేరుతూ, తన జీవితంలో ఇల్లు కట్టడం ఇప్పుడే నేర్చుకున్నానని నాతో అన్నారు.

ఆయన కారు రోడ్డెక్కగానే గేటు మళ్లీ ఎక్కించాం. మేస్త్రీ పూడ్చిన రంధ్రాలను తొలుస్తుంటే అవ్వ చీపురుతో వచ్చి నిలబడింది. గేటు నిలబెట్టేదాకా చూసింది.

"పోయిండా తమ్ముడు?" అంది.

"పోయిండు అవ్వా."

తాళం నేనే వేశాను. కింద రాలిన ఎర్రపొడిని ఆమె ఊడ్చింది. ఆయన ఉన్నంతసేపూ గేటు తీయించి, పోతూ పోతూ మళ్లీ వేయించాడని ఆమె అనుకుందని నాకు తెలుసు. ఒక్క మాటతో అది తప్పని చెప్పగలిగేవాణ్ని. అప్పుడు చెప్పలేదు. ఆ తర్వాత ఆమె అదే ఇంట్లో ఊడుస్తూ బతికిన రోజుల్లో ఏ ఒక్కరోజూ చెప్పలేదు.

ఆమె పోయినప్పుడు ఊళ్లోవాళ్లు నా దగ్గరికి వచ్చారు. భర్త పక్కన పెట్టమని అడిగిందట, పాడె ఆ నడవాలోంచి పోనిమ్మని పటేల్‌ను నువ్వు అడిగితే కాదనడన్నారు. ఫోన్ చేశాను. లోపల గెస్టులున్నారనీ, రేపు చూద్దామనీ అన్నాడు. శవం రేపటిదాకా ఆగదు కదా అని నేను అనలేదు. సరే పటేలా అన్నాను. ఊరి శ్మశానానికి తీసుకుపోయారు. నేను పాడె వెనక నడిచాను. అది కూడా ఎవరూ నన్ను ఏమీ అనకుండా ఉండటానికే.

ఆ ఫొటో పెద్దాయన జీవితాన్ని మార్చేసింది. మెట్లు గీసినవాడు దేశదేశాల్లో లైబ్రరీలు కట్టాడు. అన్నింట్లోనూ ఊరివాళ్లకు దారి ఉందట. ఎక్కడ ఉపన్యాసం ఇచ్చినా చివర ఆ ఫొటోనే చూపిస్తారని మీరే చెప్పారు. ఏటా కొత్త సంవత్సరానికి ఫోన్ చేసేవారు. అడిగేది ఒకటే, అక్క నడుస్తోందా అని. నడుస్తోందనేవాణ్ని. ఆమె పోయాక కూడా నడుస్తోందనే చెప్పాను. తర్వాత ఆయనకు వినికిడి తగ్గి ఫోన్లు ఆగాయి. ఇప్పుడు ఎనభై దాటాయి. కర్ర పట్టుకుని ఇంకా ఆఫీసుకు వెళతారట.

ఆ ఇల్లు ఇప్పుడు రిసార్టు. నడవాకు అద్దాల తలుపులు పెట్టి లోపల ఏసీ బిగించారు. మీరు వెళితే వాచ్‌మన్ లోపలికి రానివ్వడు.

మొదటిసారి ఇదంతా రాస్తున్నాను, అదీ ఆయన చదవలేని భాషలో. అందులోని పిరికితనం నాకు తెలుసు. మీలో ఎవరైనా ఆయనకు చెప్పాలనుకుంటే వద్దనను, చెప్పమనీ అనలేను. ఆ వయసు మనిషి చేతిలోంచి ఆ ఫొటో లాగేసుకోవడం మంచిపనో కాదో నాకు తెలియదు. నా మాట నమ్ముకున్నవాళ్లు ఇద్దరు. ఇద్దరూ మోసపోయారు.

ఒకటి మాత్రం చేయండి. ఈసారి లైబ్రరీకి వెళ్లినప్పుడు ఆ అట్టను వెలుతురులోకి తిప్పి చూడండి. కుడివైపు స్తంభానికి, నడుం ఎత్తున ఒకటి, మోకాలి ఎత్తున ఒకటి, అరచేయంత నల్లటి మచ్చలు కనిపిస్తాయి. మట్టిగోడ మీద వెలుగునీడల అందమని పుస్తకంలో ఎవరో రాశారు. అది తడి. గేటు బందుల రంధ్రాలు ఆ పొద్దున పూడ్పించినవి, ఫొటో తీసేసరికి ఇంకా ఆరలేదు. ఆరకముందే మళ్లీ తవ్వాం.